అంతర్వేదికి నడిచి వెళ్లాలంటే: తోడును ఎంచుకోవడం, దారిలో సలహాలు అందుకోవడం

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కేలోపే మీకు కనీసం నలుగురు సలహా చెబుతారు. టీ కొట్టు దగ్గర ఒకాయన "బూట్లెందుకమ్మా, కాళ్లకు గాలి ఆడదు, తీసేయండి" అంటాడు. అదే బల్ల మీద కూర్చున్న ఇంకొకాయన "తారు రోడ్డు మీద బూట్లు లేకపోతే రెండో రోజుకే కూలబడతారు" అంటాడు. ఇద్దరూ మన మేలు కోరే చెబుతారు. ఇద్దరి మాటా ఒకేసారి వినడం మాత్రం కుదరదు.

రాజమహేంద్రవరం నుంచి అంతర్వేదికి నేను ఐదుసార్లు నడిచాను. మధ్యలో బస్సెక్కి వెళ్లిపోయినవాళ్లను చాలామందిని చూశాను. కాళ్లు సహకరించక వెళ్లినవాళ్లు కొందరైతే, పక్కనున్నవాళ్ల మాటలు పడలేక వెళ్లినవాళ్లు ఇంకొందరు. కాళ్లను ఎలా కాపాడుకోవాలో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. తోడు చెడిపోకుండా ఎలా నడవాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు తిథి చూసుకోండి

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి జరుగుతుంది. మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. మీరు దశమి మధ్యాహ్నానికల్లా ఊళ్లో ఉండాలి, ఆ తర్వాత జనంలో నడవడం కష్టం. కాబట్టి అక్కణ్ణించి వెనక్కి లెక్క కట్టండి. దారి వంద కిలోమీటర్లు దాటుతుంది. మొదటిసారి నడిచేవాళ్లకు రోజుకు 20 కిలోమీటర్లు చాలు. వసంత పంచమి నాడు తెల్లవారుజామున పుష్కర ఘాట్‌లో స్నానం చేసి బయల్దేరితే దశమికి తొందర లేకుండా చేరతారు, మధ్యలో ఒక పూట పడుకోవడానికి కూడా వీలుంటుంది. నాలుగు రోజుల్లో వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. మొదటిసారే వాళ్లతో పోటీ పెట్టుకోకండి.

దారి ఇలా ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట ఎక్కకుండా దాని పక్కగా వెళ్లి, కడియపులంక నర్సరీల మీదుగా జొన్నాడ, అక్కడ వంతెన దాటితే రావులపాలెం, తర్వాత కొత్తపేట, పి.గన్నవరం. అక్కడ వైనతేయ పాయ దాటి అవతలి లంకలోకి దిగితే రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర కట్టించిన ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి, ఆ నీళ్లు కాలువల వెంట ఎంత దూరం పోతాయో అంత దూరం మనమూ పోతామన్నమాట. పి.గన్నవరంలో అక్విడెక్టు దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. కింద నది, పైన కాలువ. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

సప్తసాగర యాత్ర వేరే దారి. పుష్య అమావాస్యకు చొల్లంగిలో స్నానం చేసి, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నీ చూసుకుంటూ అంతర్వేది చేరే పాత సంప్రదాయం అది. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

తోడును వాడపల్లి దారిలో చూసుకోండి

మనవాళ్లు తోడును చుట్టరికం చూసి ఎంచుకుంటారు. అక్కాచెల్లెళ్లనో, తోటికోడలినో, పక్కింటివాళ్లనో. చుట్టరికం కంటే ముందు నడక వేగం చూడండి. ఒకరిది గబగబా వేసే అడుగు, ఇంకొకరిది నింపాది అడుగు అయితే ఇద్దరికీ బాధే. వేగంగా నడిచేవాళ్లకు ఆగి ఆగి పిక్కలు పట్టేస్తాయి. నెమ్మదిగా నడిచేవాళ్లు అందుకోబోయి బొబ్బలు తెచ్చుకుంటారు. పైగా, నేనే అందరినీ ఆపుతున్నానన్న బెంగ కూడా వాళ్లకే.

ఇది తెలుసుకోవడానికి మన దగ్గరే మంచి మార్గం ఉంది. ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి వెంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు దర్శనం చేసుకుంటామని మొక్కుకుంటారు కదా. రావులపాలెం నుంచి నడిచి వెళ్లేవాళ్లు ప్రతి వారం ఉంటారు, దూరం పది కిలోమీటర్లకు అటూ ఇటూ. మీరు ఎవరితో అంతర్వేది వెళ్లాలనుకుంటున్నారో వాళ్లతోనే ఆ ఏడు శనివారాలూ నడవండి. కార్తీక మాసం వెళ్లగానే మొదలుపెడితే మాఘానికి ముందే పూర్తవుతాయి. మొక్కూ తీరుతుంది, కాళ్లకు అలవాటూ అవుతుంది. చివరి రెండు వారాలు వెళ్లిరావడం కూడా నడకే పెట్టుకోండి.

ఆ ఏడు వారాల్లో మీ తోటివాళ్లలో కొన్ని విషయాలు గమనించండి. ఆకలేస్తే చెబుతారా, చిరాకు పడతారా? కాలు నొప్పిగా ఉంటే పైకి అంటారా, దాచుకుంటారా? కాసేపు మాట్లాడకుండా నడిస్తే "ఏమిటి, కోపమొచ్చిందా" అని అడుగుతారా? మాట్లాడకుండా ఇద్దరు పక్కపక్కన గంటసేపు నడవగలిగితే ఆ తోడు దొరికినట్టే.

ఎంతమంది? నా లెక్కలో ముగ్గురు. ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఒకరు దగ్గర కూర్చోవచ్చు, ఇంకొకరు ఆటో కోసం వెళ్లవచ్చు. ఇద్దరే అయితే చిన్న మాట పట్టింపు వచ్చినా మధ్యలో సర్దిచెప్పే మనిషి ఉండదు. పదిమంది దాటితే అది ఊరేగింపు. అందులోనూ ఆనందం ఉంది, కాదనను. అప్పుడు కూడా ముగ్గురు ముగ్గురుగా జట్లు కట్టుకుని నడవండి.

బయల్దేరే ముందు రాత్రి

ఒక చోట కూర్చుని నాలుగు విషయాలు మాట్లాడుకోండి. మొహమాటం వద్దు. డబ్బు అందరూ సమానంగా వేసి ఒకరి చేతికివ్వండి, ప్రతి రాత్రీ లెక్క చూసుకోండి. ఫోన్లో బిగ్గరగా మాట్లాడేవాళ్లు ఉంటే ఏ వేళకు మాట్లాడుకోవాలో అనుకోండి. తెల్లవారుజామున మొదటి గంట మౌనంగా నడుద్దామని మేం నియమం పెట్టుకున్నాం. గొడవలు సగం అక్కడే తగ్గాయి, ఎందుకంటే నిద్ర చాలని మొహాలతో మాట్లాడితే ఏ మాటైనా పుల్లగానే వస్తుంది.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది. ఎవరైనా "నేనిక బస్సెక్కుతాను" అంటే ఒక్కసారే "ఖాయమేనా?" అని అడగాలి. రెండోసారి అడగకూడదు. "ఇంత దూరం వచ్చి", "స్వామి ఏమనుకుంటాడో", "నలుగురికీ ఏం చెబుతాం" అనే మాటలు నోట రాకూడదు. బస్సులో వెళ్లినవాళ్లకూ నడిచి వెళ్లినవాళ్లకూ స్వామి దర్శనం ఒకటే.

సంచి, కాళ్లు, నీళ్లు

సంచి తేలిగ్గా ఉండాలి. రెండు జతల బట్టలు, దుప్పటి, తువ్వాలు, టార్చి, నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, రోజూ వేసుకునే మాత్రలు, దూది, బ్యాండేజీ, వాజిలిన్, మూడు జతల నూలు మేజోళ్లు. తినేవి మోయకండి. కోనసీమలో మనిషి ఆకలితో పడుకోవడం జరగదు.

బూట్లయినా చెప్పులైనా కొత్తవి వద్దు. ఏడు శనివారాలు ఏవి వేసుకుని నడిచారో అవే. బొబ్బ వచ్చేది రాపిడి, తడి కలిసినప్పుడు. అందుకని మేజోళ్లు చెమటకు తడిసిన ప్రతిసారీ మార్చండి, తడివి సంచికి కట్టి ఆరేసుకోండి. పొద్దున్నే వేళ్ల మధ్య, మడమ మీద వాజిలిన్ పట్టించండి. ఎక్కడైనా మంటగా, వేడిగా అనిపిస్తే "ఇంకో కిలోమీటరు" అనుకోకుండా అక్కడే కూర్చుని చూసుకోండి. బొబ్బ రాకముందు చేసే పని రెండు నిమిషాలది, వచ్చాక చేసేది రెండు రోజులది.

షుగర్ ఉన్నవాళ్లు ఉత్తికాళ్లతో నడవొద్దు. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది, గాజుపెంకు దిగినా తెలియకపోవచ్చు. రోజూ రాత్రి దీపం వెలుగులో అరికాళ్లు చూసుకోవాలి, కనపడకపోతే తోటివాళ్లను చూడమనాలి. బయల్దేరే ముందు డాక్టరుతో మాట్లాడండి. ఎక్కువ నడిచిన రోజు షుగర్ పడిపోవచ్చు కాబట్టి జేబులో బెల్లం ముక్కో, గ్లూకోజ్ పొడో ఉండాలి, అది ఏ జేబులో ఉందో తోటివాళ్లకు తెలిసి ఉండాలి. ఉత్తికాళ్ల మొక్కు ఉన్నవాళ్లు చివరగా గుడి దగ్గరి వీధిలో చెప్పులు విడిచి నడిస్తే సరిపోతుందని నా నమ్మకం.

ఆడవాళ్లకు ఒక మాట. బాత్రూము దొరకదన్న భయంతో నీళ్లు తాగడం మానేస్తాం. దానివల్లే మధ్యాహ్నానికి తల తిరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి. హైవే మీద పెట్రోలు బంకులున్నాయి, పెద్ద ఊళ్లలో బస్టాండులున్నాయి. లోపలి ఊళ్లలో ఇళ్ల దగ్గర ఆడవాళ్లను అడగండి. "నడిచి అంతర్వేది వెళ్తున్నామమ్మా" అంటే తలుపు తీయని ఇల్లు నాకు ఇంతవరకూ తగల్లేదు.

చీకటితో బయల్దేరడం

నాలుగింటికి లేచి నాలుగున్నరకు నడక మొదలుపెట్టండి. పదిన్నరకల్లా ఆగిపోండి. మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత ఓ గంటన్నర. మాఘ మాసమే అయినా మధ్యాహ్నం తారు రోడ్డు సెగ కొడుతుంది.

పంచమి నుంచి దశమి దాకా చంద్రుడు మీరు లేవకముందే అస్తమిస్తాడు. శుద్ధపక్షం కదా, వెన్నెల ఉంటుందిలే అనుకుని టార్చి లేకుండా వెళ్లకండి. తెల్లవారుజామున మీకు దొరికేది చీకటి, మంచు. లారీ డ్రైవర్లకు మీరు కనిపించాలి. తెల్లబట్టలు వేసుకుని, సంచి వెనక మెరిసే స్టిక్కరు అంటించండి. రోడ్డుకు కుడిపక్కన, ఎదురుగా వచ్చే బండి కనిపించేలా, ఒకరి వెనక ఒకరు నడవండి. కబుర్ల కోసం పక్కపక్కన నడిచేది కాలువ గట్ల మీదే. హైవే మీద వద్దు.

కొత్తపేట దాటాక మీకు దారి ఎంత బాగుంటుందో చెప్పలేను. ఒకవైపు కాలువ, ఇంకోవైపు అప్పుడే నాట్లు పడిన దాళ్వా (రెండో పంట వరి) చేలు, వాటి వెనక కొబ్బరితోటలు. మంచు తెర లేస్తుంటే ముందు కొబ్బరి తలలు కనిపిస్తాయి, మొదళ్లు తర్వాత.

సలహాలు వచ్చినప్పుడు

ఇక అసలు విషయం. మన గోదావరి జిల్లాల్లో దారిన పోయే మనిషిని ఊరికే పోనివ్వరు. "ఎక్కణ్ణించండీ?" అని మొదలుపెడతారు. ఎక్కడికో చెప్పగానే, ఎలా వెళ్లాలో, ఏం తినాలో, ఏం తినకూడదో, కాళ్లకు ఏం రాయాలో, ఇంట్లో పిల్లల్ని ఎవరికి అప్పగించి వచ్చారో అన్నీ వస్తాయి. చిరాకు పడకండి. ఇక్కడ మనిషిని పలకరించే పద్ధతే అది.

అయితే ప్రతి సలహానూ పాటిస్తే చేరలేరు. నేను ఒక్కటే చూస్తాను: ఈ మనిషి నన్ను చూసి చెప్పారా, చూడకుండా చెప్పారా? చూడకుండా చెప్పేది వాళ్ల దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న మాట. నా స్థానంలో ఎవరున్నా అదే చెబుతారు. చూసి చెప్పేది నాకోసం పుట్టిన మాట. మొదటిదానికి "అలాగేనండీ" అనండి. ఎంత మంచి మాటండీ అది! గౌరవం ఇచ్చినట్టూ ఉంటుంది, ఒప్పుకున్నట్టూ ఉండదు. రెండో రకం వచ్చినప్పుడు ఆగండి.

రెండో ఏడు జరిగింది చెబుతాను. నేనూ, మా వదినా, మా వీధిలో ఉండే మాస్టారి భార్యా వెళ్లాం. పి.గన్నవరం ఇంకా రాలేదు, ఎనిమిదింటి ఎండ. రోడ్డు పక్క ఒక కళ్లంలో పెద్దాయన కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. నేలలో పాతిన ఇనుప మొనకు కాయ గుచ్చి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే డొక్క ఊడి పక్కన పడుతోంది. మళ్లీ కాయ, మళ్లీ తిప్పు. ఆయన తలెత్తి మమ్మల్ని చూడనే లేదు. మేం దాటి పోతుంటే "ఆ మధ్యలో అమ్మగారు ఎడంకాలు ఈడుస్తున్నారండి" అన్నారు.

మధ్యలో నడుస్తున్నది మా వదిన. "లేదండీ, బాగానే ఉంది" అంది.

"చెప్పుల చప్పుడు రెండూ ఒకలాగ లేవండి. కూర్చోబెట్టి చూడండి" అని ఆయన మళ్లీ కాయ అందుకున్నారు.

కూర్చోబెట్టి మేజోడు తీస్తే ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ, అప్పటికే చితికి మేజోడుకు అంటుకుపోయి ఉంది. ముందురోజు మధ్యాహ్నం నుంచీ ఉందట. ఆయన ఇంట్లోంచి చెంబుతో నీళ్లు తెప్పించారు. శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, దూది పెట్టి వదులుగా కట్టు కట్టాం. ఆ పూటకు నడక ఆపేశాం.

ఆ ఒక్కరోజే మాకు బొబ్బల గురించి ఎన్ని సలహాలు వచ్చాయో! తొక్క పీకేసి పసుపు అద్దమన్నారు ఒకరు. కిరసనాయిలు రాయమన్నారు ఇంకొకరు. సూదీదారంతో గుచ్చి దారం లోపలే వదిలేయమన్నారు మరొకరు. మూడూ చేయొద్దు. తొక్కే లోపలి పుండుకు కట్టు లాంటిది, దాన్ని పీకితే పచ్చిమాంసం బయటపడుతుంది. దారం వెంట మురికి లోపలికి పోతుంది. బొబ్బ చిన్నదైతే ముట్టుకోకుండా పైన కట్టు కట్టండి. పెద్దదై, అడుగు తీసి అడుగు వేయలేనంత నొప్పిగా ఉంటేనే, చేతులు కడుక్కుని, స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు పోనిచ్చి, తొక్కను అలాగే ఉంచి కట్టు కట్టాలి. షుగర్ ఉన్నవాళ్లు ఇది కూడా సొంతంగా చేసుకోకూడదు, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి.

దారి గురించిన సలహాలు మాత్రం స్థానికులవే నమ్మండి. కాకపోతే అడిగే తీరు తెలియాలి. "ఇంకెంత దూరం?" అంటే "ఇదిగో, ఇక్కడే" అంటారు. రోజూ బండి మీద తిరిగేవాళ్లకు నాలుగు కిలోమీటర్లు కూడా ఇక్కడే. "నడిచి వెళ్తే ఎంతసేపండీ?" అని అడగండి. గట్టు మీద అడ్డదారి ఉందని ఎవరైనా చెబితే, తలమీద గడ్డిమోపుతో వచ్చే ఆడవాళ్లను ఇంకోసారి అడగండి. ఆ గట్టు మీద బురద ఎక్కడుందో, కాలువకు అడ్డంగా వేసిన తాటిపట్టె ఉందో విరిగిపోయిందో వాళ్లకు తెలుస్తుంది.

ఇంటి విషయాల్లో సలహాలు వస్తాయి. "అబ్బాయికి ఇంకా పెళ్లి చేయలేదా? ఫలానా పూజ చేయించండి." "ఆడవాళ్లు మగతోడు లేకుండా ఇంత దూరమా?" ఇలాంటప్పుడు సమాధానం చెప్పుకోవడం మొదలుపెడితే అది పూట పడుతుంది. నేను తిరిగి వాళ్లనే అడుగుతాను: "మీరెప్పుడైనా నడిచి వెళ్లారా అండీ?" అంతే, మాట అటు తిరుగుతుంది. తాటిపాక దగ్గర నాకు మగతోడు గురించి గట్టిగా చెప్పిన ఒక పెద్దావిడ, ఈ ప్రశ్న అడిగేసరికి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పెళ్లయిన కొత్తలో అత్తగారితో కలిసి నడిచిందట, మోకాళ్లు పోయాక మళ్లీ వెళ్లలేదట. లోపలికెళ్లి పదకొండు రూపాయలు తెచ్చి, హుండీలో వేయమని నా కొంగుకు ముడి వేసింది. ఎవరైనా అలా ఇస్తే తీసుకోండి, కొంగు ముడి అక్కడిదాకా విప్పకండి.

మీరే సలహా ఇవ్వబోతున్నప్పుడు

వదిన బొబ్బ ఎందుకు దాచింది? ఆ రాత్రి పి.గన్నవరంలో పడుకోబోయే ముందు అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "చెబితే నువ్వు మళ్లీ మొదలుపెడతావని."

నిజమే. బయల్దేరిన దగ్గర్నుంచీ నేను చెబుతూనే ఉన్నాను. మేజోళ్లు అలా వేసుకోకు వదినా, అడుగు చిన్నది వేయి వదినా, సంచి పట్టీ బిగించు, నీళ్లు గుక్కగుక్కగా తాగు. అన్నీ సరైనవే. అన్నీ ప్రేమతో చెప్పినవే. అవి విని విని, నొప్పి చెప్పుకోవాల్సిన మనిషి దగ్గరే ఆమె నొప్పి దాచుకుంది. నేను రెండు రోజులు మాట్లాడాను కానీ ఆమె కాలు వైపు చూడలేదు. తలెత్తని ఆయన చెవితో విన్నారు.

అప్పటినుంచి నేను ఇలా చేస్తున్నాను, మీరూ చేసి చూడండి. నాలుక చివరికి సలహా వచ్చినప్పుడు ముందు వాళ్ల నడకను యాభై అడుగులు గమనించండి. అప్పటికీ చెప్పాలనిపిస్తే అడిగే మాటగా మార్చండి. "మేజోళ్లు మార్చుకో" అనకండి. మీరు ఆగి, కూర్చుని, మీ మేజోళ్లు మార్చుకోండి. "నేను కాళ్లు చూసుకుంటున్నా, నువ్వూ కూర్చుంటావా?" అంటే చాలు. రోజూ ఆగినప్పుడల్లా అందరూ చెప్పులు విప్పి అరికాళ్లు చూపించుకోవడం మా జట్టులో ఇప్పుడు అలవాటైపోయింది. ఒకరిది ఒకరు చూస్తాం, ఎవరూ ఎవరినీ ఏమీ అనం. దాచుకోవాల్సిన అవసరం ఎవరికీ రావడం లేదు.

అడగకపోయినా వెంటనే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. వెనక బండి వస్తున్నప్పుడు. తెలియని రేవులో నీళ్లలోకి దిగబోతున్నప్పుడు. మాట తడబడి, చెమటలు పట్టి, వణుకు వస్తున్నప్పుడు. ఛాతీలో బరువుగా ఉందన్నప్పుడు. చివరి రెండింటిలో మనిషిని కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయాలి. షుగర్ మనిషైతే, మెలకువలో ఉండి మింగగలిగితే బెల్లమో గ్లూకోజో నోట్లో పెట్టాలి. అప్పుడు మొహమాటపడకండి, కావాలంటే కేకలు వేయండి.

దారిలో కలిసేవాళ్లు

రాజోలు దాటాక ఒంటరిగా నడుస్తున్నవాళ్లు కలుస్తారు. కాసేపు కలిసి నడిచి, విడిపోవాలనిపిస్తే "మేం ఇక్కడ కాస్త కూర్చుంటామండీ, మీరు పదండి" అనండి. ఎవరి మనసూ నొచ్చుకోదు. మీ జట్టులోనే ఒకరికి ఒంటరిగా నడవాలనిపిస్తే వెళ్లనివ్వండి. తర్వాతి ఊళ్లో రామాలయం దగ్గరో, సెంటర్లోనో కలుద్దామని చోటు, టైము చెప్పుకోండి. సిగ్నల్ అన్ని చోట్లా ఉండదు కాబట్టి ఫోన్ చేసుకుందాంలే అనుకోవద్దు.

రాత్రి పడకకు గుళ్ల మండపాలు, సత్రాలు, చుట్టాల ఇళ్లు. చుట్టాల ఇంటికి వెళ్తే అన్నం తిని తొమ్మిదింటికి పడుకుంటామని గడప దగ్గరే చెప్పేయండి. లేకపోతే కబుర్లతో పదకొండవుతుంది, పొద్దున లేవలేరు.

అంతర్వేదిలో

సఖినేటిపల్లి నుంచి జనం పెరుగుతారు. గాలిలో ఉప్పు తెలుస్తుంది. ఊళ్లోకి వెళ్లగానే, తప్పిపోతే ఎక్కడ కలవాలో అనుకోండి. స్నానానికి గోదావరి వసిష్ఠ పాయ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్లేవాళ్లుంటారు. అక్కడ నది లాగుడు, సముద్రపు పోటు రెండూ ఉంటాయి. నడిచి నడిచి బలం లేని కాళ్లతో లోతుకు పోవద్దు. పోలీసులూ గజ ఈతగాళ్లూ ఉన్న చోట, మోకాలి లోతులో చెంబుతో ముంచుకుని పోసుకుంటే చాలు. ఏదైనా కట్టు ఉంటే తడవకుండా చూసుకోండి.

కల్యాణం చూసి, మర్నాడు రథం కదిలేదాకా ఉండండి. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. కొత్త రథం 2021 ఉత్సవాలకే సిద్ధమైంది. ఆ ఏడు అది కదిలినప్పుడు జనం ఎలా ఏడ్చారో చూసినవాళ్లకు తెలుసు.

తిరుగు ప్రయాణం నడక పెట్టుకోకండి. సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కితే అవతల నరసాపురం, అక్కడ బస్సులూ రైళ్లూ ఉంటాయి. ఇంటికెళ్లాక రెండు మూడు రోజులు వదులు చెప్పులే వేసుకోండి, కట్టు రోజూ మార్చండి. బొబ్బ చుట్టూ ఎర్రబడి, వాచి, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. నాలుగో రోజు మీ తోటివాళ్లకు ఫోన్ చేయండి.

మొన్న ఏడు పంటు మీద వస్తుంటే ఒక అమ్మాయి నా పక్కన రెయిలింగు పట్టుకుని నిలబడింది. కాలేజీ చదువుతోందట, బస్సులో వచ్చిందట. "వచ్చే ఏడు నేనూ నడుద్దామనుకుంటున్నాను ఆంటీ, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడిగింది. వదిన నా వైపు చూసింది. అమ్మాయి కాళ్లకు బిగుతుగా ఉన్న కొత్త బూట్లు, కుడికాలి మీద బరువు వేయకుండా నిలబడి ఉంది.

"ముందు అలా కూర్చుని ఆ కుడి బూటు విప్పమ్మా," అన్నాను, "చూద్దాం."